రెండు గదుల ఈదులకుంట

ఆ రోజుకు రాజమౌళి వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున ఎనిమిదింటికి జనగామ చేరాలి, బాండు పేపరు మీద ఒప్పందం టైపు చేయించాలి, పదకొండుకల్లా తిరిగొచ్చి రైతుల సంతకాలు తీసుకోవాలి, సాయంత్రం ఐదులోపు నీటిపారుదల శాఖ ఏఈ మేడం చేతిలో పెట్టాలి. మధ్యలో కడుపునిండా తిని గంటసేపు నడుం వాల్చడానికి కూడా సమయం కేటాయించుకున్నాడు.

రాజమౌళి ఈదులకుంట కమిటీకి అధ్యక్షుడు. తరిగొప్పుల మండలంలోని ఆ ఊళ్లో కుంట ఇరవై ఏళ్లుగా పూడిపోయి, నిండా వానలు పడ్డా మోకాలి లోతు దాటడం లేదు. పూడిక తీయడానికి సర్కారు పొక్లెయిన్ పంపుతుంది, మట్టిని రైతులు తమ ట్రాక్టర్లలో పొలాలకు తోలుకోవాలి. ఆయకట్టు రైతులు నలభై మందీ షరతులకు ఒప్పుకొని సంతకాలు పెట్టాలి. ఐదు దాటిందా, ఆ యంత్రం పక్క ఊరికి పోతుంది. వాళ్లు అప్పుడే సంతకాలు చేసి కూర్చున్నారు.

ఈ సంగతి ఊళ్లో అందరికంటే ఎక్కువ పట్టింది రుక్మిణమ్మకు. రాజమౌళికి పెదనాన్న కూతురు, భర్త లేని మనిషి. కుంట నుంచి పొలాలకు పారే కాలువ కొసన ఆమెకు రెండెకరాలున్నాయి. ఏడేళ్లుగా అక్కడికి నీటి చుక్క రాలేదు. పొలాలు కొని ప్లాట్లు చేసేవాళ్లు రెండుసార్లు వచ్చి చూసిపోయారు.

"ఈ యేడు గూడ నీళ్లు రాకపోతే అమ్ముడే తమ్మీ. ఇగ నాతోని గాదు" అంది ఆమె ముందురోజు.

"నేనున్న గదా అక్కా!" అన్నాడు రాజమౌళి. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కుంటలో రాజమౌళికి కూడా ఒక అర ఎకరం ఉంది. ఉంది అంటే, కాగితాల్లో లేదు. వెనకటి ఒక కరువులో కుంట ఎండినప్పుడు పశువుల గడ్డి కోసం ఒక మడి చేశాడు. తర్వాత వానలైతే వచ్చాయి గాని మడి మాత్రం పోలేదు. మునగకుండా దాని చుట్టూ ఎత్తుగా గట్టు కూడా పోశాడు. వాగు నుంచి కుంటలోకి నీళ్లు తెచ్చే కాలువకు ఆ గట్టు సరిగ్గా అడ్డం. ఇది ఊరందరికీ తెలుసు. అయితే అడిగినవాడికల్లా ట్రాక్టరు ఇచ్చే మనిషి, ఎవరికి పానం బాగాలేకున్నా తన కారులో దవాఖానకు తీసుకుపోయే మనిషి! ఆయన ముఖం మీద ఎవరంటారు? రుక్మిణమ్మ కూడా ఏనాడూ అనలేదు. పాపం, రాజమౌళికి మాత్రం తన గట్టు తప్ప ఊళ్లోని అడ్డంకులన్నీ కనబడేవి.

బయల్దేరేటప్పుడు ఇంటామె కళ్లద్దాల డబ్బా పట్టుకొని వాకిలిదాకా వచ్చింది. "పెట్టుకోని పోరాదుండ్రి."

"అద్దాలు పెట్టుకుంటే ముసలోని లెక్క కనబడ్త" అని ఆయన బండి స్టార్టు చేశాడు. కథంతా అక్కడే మొదలైంది.

జనగామలో డాక్యుమెంట్లు రాసే యుగేందర్ దుకాణం ఆ పొద్దున కిటకిటలాడుతోంది. కంప్యూటరులో ఒక ఇంటి కిరాయి ఒప్పందం, కుంట ఒప్పందం పక్కపక్కనే తెరిచి పెట్టుకున్నాడు. అంతలో కరెంటు పోయి వచ్చింది. కంగారులో ఒకదాని షరతులు మరొకదాని కింద పడ్డాయి. ఇల్లు అని ఉన్నచోటల్లా కుంట అనీ, కుంట అని ఉన్నచోటల్లా ఇల్లు అనీ, అతను నొక్కిన ఏదో మీటకు కంప్యూటరే మార్చేసింది.

"ఒక్కసారి సదువుకో అన్నా" అన్నాడు యుగేందర్ కాగితం ఇస్తూ.

రాజమౌళి కాగితాన్ని చేయి చాచినంత దూరం పట్టుకొని, నల్లగా కనబడిన గీతలన్నిటినీ గంభీరంగా చూశాడు. "బ్రహ్మాండంగున్నది" అని మొదటి సంతకం తనే పెట్టాడు.

ఊళ్లో కుంట కట్ట మీద అందరూ చేరారు. కట్ట మైసమ్మకు యాటను, అంటే మేకపోతును, కోయకుండా కుంటలో గడ్డపార కూడా వేయరు గనక, యాటను కూడా తెచ్చి కట్టేశారు. రుక్మిణమ్మ సంతకం నేర్చుకొని రెండేళ్లే అయింది. నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం చెక్కినట్టు రాసింది. రాజమౌళి అన్న చూశాడంటే ఇక చూసేదేముందని మరో పదిహేను మంది కళ్లు మూసుకొని పెట్టేశారు. చేపల సంఘం పోశాలు దగ్గర బండి ఆగింది. అతనికి డిగ్రీ చదివే కూతురుంది.

"జర సదువు బిడ్డా" అన్నాడు పోశాలు.

ప్రత్యూష గొంతు సవరించుకుంది. "రెండు గదులు, ఒక వంటగది గల సదరు కుంటలో మాంసము, చేపలు వండరాదు."

కట్ట మీదివాళ్లంతా తలలు తిప్పి పోశాలును చూశారు.

"గిదేందే! చేపల కుంటల చేపలు వండద్దంటరా? మరి మైసమ్మ యాట?" పోశాలు గొంతు లేచింది.

రాజమౌళికి చెమట పట్టింది. నిజానికి అప్పుడు, 'అయ్యో, ఎక్కడో పొరపాటు జరిగింది, నేను చదవలేదు' అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. నలభై మందిలో అధ్యక్షుడాయె!

"ఊకో పోశాలు! కుంటల వండద్దన్నరు. కట్ట దిగినంక కుంట గాదు గదా? కట్ట మీద కోద్దాం, కట్ట కింద వండుదాం. గదులంటే... ఒకటి తూముదిక్కు, ఒకటి మత్తడిదిక్కు."

"వంటగది?" అన్నారెవరో.

"అది ప్లాన్ల ఉన్నది" అన్నాడు రాజమౌళి. జనం తలూపారు. ఆయనకు ధైర్యం వచ్చింది. అదే కొంప ముంచింది.

"గోడలకు మేకులు కొట్టరాదు" చదివింది ప్రత్యూష.

"గోడంటే కట్ట. కట్టల గూటాలు కొడితే బొక్కలు పడి నీళ్లు కారుతయ్. గీ మాత్రం తెల్వదా?"

ఇది అందరికీ న్యాయంగా తోచింది. కట్టకు గూటాలు కొట్టి బర్రెలను కట్టేసిన వాళ్లు వెళ్లి గూటాలు పీకేశారు. పదమూడు బర్రెలు ఎటు పోదామా అని కాసేపు ఆలోచించుకున్నాయి.

"ఖాళీ చేయునప్పుడు సున్నము వేయించి అప్పగించవలెను."

"పురుగు సచ్చేతందుకు" అన్నాడు రాజమౌళి తడుముకోకుండా. ఎవరో ఇంటికి పరుగెత్తి బకెట్టుతో సున్నం తెచ్చి తూముకు కొట్టడం మొదలుపెట్టారు.

"నీటి మోటారు దినమునకు అరగంట మాత్రమే వేయవలెను."

దీంతో మాత్రం అగ్గి అంటుకుంది. "అరగంటల మడి తడుస్తదా? మమ్ముల్ని సంపుతరా ఏంది? మా సంతకాలు మాకు తిరిగియ్యుండ్రి!" పెట్టిన పదిహేను మందీ కాగితం మీదికి ఎగబడ్డారు. రుక్మిణమ్మ వాళ్లకు అడ్డం నిలబడింది.

"అరే, పరేషాన్ గాకుండ్రి! అది మీ బాయిల మోటార్లకు గాదు. కుంట మోటారుకు!" అరిచాడు రాజమౌళి.

"కుంటకు మోటారేడున్నది?"

"పెట్టబోతరు."

సర్కారు మోటారు ఉత్తగానే ఇస్తుందన్న మాట రెండు నిమిషాల్లో ఊరు చుట్టి వచ్చింది. ముందు ఎగబడ్డవాళ్లు వెనక్కి తగ్గారు, మిగిలినవాళ్లు తోసుకుంటూ సంతకాలు పెట్టారు. ముప్పై తొమ్మిదయ్యాయి. చేతిలో పెన్నుతో పోశాలు ఒక్కడే మిగిలాడు.

"ఆఖరిది గూడ సదువు బిడ్డా."

"అనుమతి లేకుండా ఆవరణలో వేసిన అడ్డుగోడలు ఏవైనను, వేసినవారే తొలగించి, ఆక్రమించిన స్థలమును ఖాళీ చేయవలెను."

రాజమౌళి అప్పటికే మంచి ఊపు మీదున్నాడు. "గది అన్నిట్ల ముఖ్యం! కుంటల అడ్డమేసినోడు ఎవడైనా సరే, తీసుడే! నా సొంత తమ్ముడైనా సరే, ఇడిచిపెట్ట! నేనే దగ్గరుండి తీయిస్త!"

అన్నాక గమనించాడు, ఒక్కరూ తన ముఖం చూడటం లేదు. కొందరు నేల చూస్తున్నారు, కొందరు యాటను చూస్తున్నారు. పోశాలు గబుక్కున సంతకం పెట్టేశాడు.

నాలుగున్నరకు ఏఈ ప్రియదర్శిని జీపు దిగింది. చెల్పూర్ నుంచి వచ్చిన పిల్ల, ఉద్యోగంలో చేరి నెల కాలేదు. తెల్లగా మెరిసిపోతున్న తూమును చూసింది, కట్టేసిన యాటను చూసింది, తర్వాత కాగితం చూసింది. చూస్తూ చూస్తూ కట్ట మీదనే కూలబడింది.

"రాజమౌళి గారూ, ఇది నా ఇంటి కిరాయి అగ్రిమెంటండీ! జనగామలో మా ఓనర్ అంకుల్ రాయిస్తున్నది!"

అంతలో ఆమె ఫోను మోగింది. అవతల ఓనర్ అంకుల్ గొంతు అందరికీ వినబడింది. "మేడం, మన ఇంటి పూడికను నలభై మంది రైతులు ట్రాక్టర్లతోని తోలుకపోవాలని రాసిండ్రు. మా ఇల్లేమైతది మేడం?"

కట్టంతా గొల్లుమంది. రాజమౌళికి ఆ కుంట కాస్త లోతుగా ఉండి ఉంటే బాగుండునని మొదటిసారి తన కోసం అనిపించింది. "తప్పయింది. అద్దాలు లేక సదవలేదు" అన్నాడు నెమ్మదిగా. ఆశ్చర్యం, ఎవరూ తిట్టలేదు. పోశాలు మంచినీళ్ల సీసా అందించాడు.

కొత్త బాండు తెచ్చి, నలభై మందితో మళ్లీ పెట్టించే సమయం లేదు. దిగాలుపడ్డ రుక్మిణమ్మ ముఖం చూడలేకపోయింది ప్రియదర్శిని. "సంతకాలైతే ఉన్నాయి కదా. మా షరతులు ఎనిమిదీ వెనక రాస్తాను, మీరందరూ విని ఒప్పుకుంటే చాలు. ఇవన్నీ కొట్టేస్తా" అని పెన్ను తీసింది. రాసి, చదివి వినిపించింది. మాంసం పోయింది, మేకులు పోయాయి, మోటారు పోయింది. మోటారు పోయినప్పుడు మాత్రం నలుగురైదుగురు నిట్టూర్చారు. పెన్ను ఆఖరి షరతు మీదికి వచ్చింది.

"బిడ్డా, గదొక్కటి ఉండనియ్యి" అంది రుక్మిణమ్మ.

ఆ గట్టు గురించి ఏడేళ్లలో ఆమె అన్నది ఆ ఒక్క మాటే. "మా తమ్ముడు ఇప్పుడే చెప్పిండు. ఎవలైనా సరే, తీయిస్తనని. మాట తప్పే మనిషి గాదు."

రాజమౌళి కుంటలోకి చూశాడు. విప్పేసిన పదమూడు బర్రెలూ ఆయన అర ఎకరంలో చేరి, పచ్చగడ్డిని నింపాదిగా మేస్తున్నాయి. వాటి వెనక ఎత్తుగా తన గట్టు, ఆ గట్టు వెనక ఎండిన కాలువ. అద్దాలు లేకున్నా అంతదూరం నుంచి బాగానే కనబడింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అక్క ఇన్నేళ్లు ఒక్క మాట అనకుండా ఎలా ఉందో అనుకున్నాడు.

"కొట్టెయ్యకుండ్రి మేడం" అన్నాడు చివరికి. "పొక్లెయిన్ రాంగనే మొదట అండ్లనే దించుండ్రి. ఆ మట్టి అక్క పొలంలకు నేనే తోల్త, నా ట్రాక్టర్ల."

ఐదుకు నాలుగు నిమిషాలుండగా కాగితం ఫొటో ఆఫీసుకు వెళ్లింది. యాటను కట్ట మీదే కోశారు, షరతు కొట్టేసినా కట్ట దిగే వండారు.

ఆ వానాకాలం ఈదులకుంట నిండి, అంచు దాటి మత్తడి పోసింది. కాలువ కొసన రుక్మిణమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని మడమలు మునిగే నీళ్లలో నాట్లు వేయించింది. ప్లాట్లవాళ్లు మూడోసారి వచ్చారు గాని, బురదలో బండి దిగబడితే రాజమౌళి ట్రాక్టరే లాగి పంపించింది.

పని పూర్తయినట్టు బోర్డు పెట్టడానికి ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు సుత్తి పట్టుకొని తూము దగ్గరికి వచ్చారు. రాజమౌళి కళ్లద్దాలు సవరించుకొని, నవ్వు దాచుకుంటూ వాళ్లను ఆపాడు.

"మేకులు కొట్టద్దు. అగ్రిమెంట్ల ఉన్నది."