గీతదాకా సున్నపుతేట

కోహీర్‌లో ఎనిమిది గంటల బస్సెక్కి, తొమ్మిదింటికల్లా జహీరాబాద్ కాలేజీలో ఉండాలని భాగీరథి అనుకుంది. పెళ్లికి ముందు తప్పిన కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కటే ఆమె డిగ్రీకి అడ్డం. ఇదే ఆఖరి అవకాశం. నీళ్లలో సున్నం ఎంత కరుగుతుందో లెక్కగట్టే ఆ పరీక్షకు ఎవరి సున్నపుతేట వాళ్లే తెచ్చుకోవాలి. అందుకే రెండు రోజుల ముందే డబ్బాలో ఫిల్టర్ నీళ్లు పోసి, గుప్పెడు సున్నం కలిపి, పెన్నుతో గీత గీసింది. నీళ్లు గీత దిగితే దొంగ దొరికినట్టే.

పరీక్ష రోజు పొద్దున చూస్తే నీళ్లు గీత మీదే ఉన్నాయి. అడుగున సున్నం మాత్రం చెంచాడే మిగిలింది.

"అత్తమ్మా, నీ ఆకులకు సున్నం యాడిది?"

సంగమ్మ నమలడం ఆపింది. "పైనీళ్లు ఒంపి జరంత తీసిన బిడ్డా. గీతదాంక మళ్ల ఫిల్టర్ నీళ్లు పోసిన."

వాకిట్లో తంబాకు నలుపుతున్న మామ సాయన్న తలెత్తాడు. "నువ్వు గూడ పోసినవా? తంబాకుకు జర సున్నం తీసి నేనొక్కన్నే పోసిన అనుకుంటున్న!"

భర్త వీరేశ్ పళ్లు తోముతూనే నసిగాడు. "బొప్పాయి చెట్టుకు చీమలు పట్టినయని గ్లాసెడు పూసిన. నింపి పెట్టిన గదా, ఇంకేం ఫికర్?"

"గీత గీసుడే నాది తప్పు! ఇన్ని నీళ్లు కలిపితె లెక్క ఎట్లొస్తది?"

కొత్తది పెట్టాలంటే మళ్లీ రెండు రోజులు. "దీంతోనే పోత. ఎట్ల రాదో చూస్త," అని డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. గుంత గుంతకూ బస్సు కుదిపి తేట కాస్తా తెల్లగా చిలికినట్టయింది.

"మజ్జిగనా అక్కా?" అన్నాడు కండక్టర్.

"నా డిగ్రీ."

ల్యాబులో తేరనిచ్చి, వడగట్టి, రంగు తేల్చే సూచిక కలిపి, బ్యూరెట్‌లోంచి ఆమ్లం చుక్కలు వేసింది. గులాబీ రంగు మూడుసార్లూ బ్యూరెట్ మీది ఒకే గీత దగ్గర పోయింది. హైడ్రాక్సైడ్ గాఢత కట్టింది. కాల్షియం అందులో సగం. మొదటిదాన్ని వర్గం చేసి, రెండోదానితో గుణించి, వచ్చిన ద్రావణీయతా లబ్ధం రాసి, కళ్లు మూసుకుని కాగితం ఇచ్చింది.

పరీక్షకుడు మంజునాథ్ తన దగ్గరి విలువతో పోల్చి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "సరిగ్గా వచ్చిందమ్మా!"

"గదెట్ల సార్? ఇంట్ల ముగ్గురు తీసిన్రు, ముగ్గురు నీళ్లు పోసిన్రు!"

"అడుగున కరగని సున్నం మిగిలింది కదా? అది ఉన్నంతవరకు ఎంత తీసినా, ఎన్ని నీళ్లు పోసినా, బాగా కలిస్తే మళ్లీ అంతే కరుగుతుంది. నీళ్లు పోశాక బస్సులో కుదుపుకుంటూ తెచ్చారు కాబట్టి ఇంకా పక్కాగా కుదిరింది."

నలుగురి కష్టమే అయినా, నిబంధన ప్రకారం మార్కులు ఒక్క భాగీరథికే వేశారు.