ఐన్ రమాద్‌లో అందరూ నాయకులే

చేయవలసినవి: బ్యానరు కట్టించాలి. మంత్రిగారి కుర్చీకి మెత్త వేయించాలి. భోజనానికి మాంసం కుస్‌కుస్ చెప్పాలి. నిరుద్యోగుల్ని నాయకులుగా మార్చాలి. మైకు సరిచూడాలి.

దక్షిణ ట్యునీసియాలోని ఐన్ రమాద్‌కు అధికారి అయిన షాకిర్ గారు ఇవన్నీ ఒక్క పూటలో చేయించి, మైకు ముందుకొచ్చి ప్రకటించారు:

"ఉద్యోగం పోయినవాడు నిరుద్యోగి కాడు. ఇంకా బయటపడని నాయకుడు!"

ఆ లెక్కన, ఫాస్ఫేట్ కడిగే ప్లాంటు మూతపడ్డాక ఊరంతా నాయకులే. పాపం, ఆ సంగతి తెలియక రైలు పట్టాల మీద డేరా వేసుకుని కూర్చున్నారు. ప్లాంటు యంత్రాల్ని రైలెక్కించి పట్టుకుపోతారని వాళ్ల భయం. యంత్రాలుంటే ఎప్పటికైనా ప్లాంటు తెరుస్తారు. అవి పోతే ఊళ్లో ఇక మిగిలేది దుమ్మే.

రైలు వచ్చేది, డేరా ముందు ఆగేది. డ్రైవరు ఆ ఊరి అల్లుడు. దిగి, టీ తాగి, "దారి లేదు సార్" అని ఆఫీసుకి ఫోన్ చేసి, వెనక్కి నడుపుకుపోయేవాడు.

షాకిర్ గారు స్వయంగా డేరాకు వచ్చారు. పక్కన ఒక్క పోలీసు కూడా లేడు. అంత మంచి మనిషి.

"సముద్రం పక్కన స్టార్ హోటల్లో లీడర్‌షిప్ ట్రైనింగ్. ఏసీ బస్సు. అందరూ రండి."

"తర్వాత ఉద్యోగాలిస్తారా సారూ?" వెల్డర్ మౌల్దీ అడిగాడు.

"ఉద్యోగం అడిగేవాడు కూలివాడు. నాయకుడు అవకాశాలు సృష్టిస్తాడు."

"అందరం నాయకులమైతే మా వెనకాల నడిచేదెవరు?"

"చూశారా! లీడర్ అడగాల్సిన ప్రశ్న!" షాకిర్ గారు చప్పట్లు కొట్టారు. మౌల్దీకి ఛాతీ ఉబ్బింది.

ముసలి బెల్గాసెమ్ ఒక్కడే కదల్లేదు.

"రా బాబాయ్, ఈతకొలను కూడా ఉందట!" మౌల్దీ పిలిచాడు.

"నాకు ఈత రాదురా. మీరెళ్లండి. డేరాలో ఎవడో ఒకడుండాలిగా."

ఆయన సంకుచిత దృష్టికి షాకిర్ గారు జాలిపడ్డారు.

హోటల్లో నాయకులు కళ్లు మూసుకుని ఒకరి చేతుల్లో ఒకరు పడ్డారు, నమ్మకం పెరగడానికి. కలల్ని రంగు కాగితాల మీద రాసి గోడకి అంటించారు. అందరూ 'ప్లాంటు' అనే రాశారు. ట్రైనర్ గారు వాటిని 'స్వయం ఉపాధి' కింద చేర్చారు.

ఇక్కడ ఊళ్లోకి కొత్త డ్రైవరొచ్చాడు. టీ అలవాటు లేనివాడట. పోలీసులు బెల్గాసెమ్‌ని, కూర్చున్న పెట్టెతో సహా, ఎంతో గౌరవంగా ఎత్తి నీడలో దించారు. డేరా మడతపెట్టి చేతికిచ్చారు.

ఏసీ బస్సు తిరిగొచ్చేసరికి ప్లాంటు షెడ్డులో బోల్టులు తప్ప ఏమీ లేవు.

"సారూ, యంత్రాలేవి?" మౌల్దీ అడిగాడు. చొక్కా మీద 'లోకల్ లీడర్' బ్యాడ్జీ మెరుస్తోంది.

"నాయకుడు వెనక్కి చూడడు మౌల్దీ. ఫోటోకి నిలబడు."

శిక్షణ నూటికి నూరుపాళ్లూ విజయవంతమైందని షాకిర్ గారు ఆ సాయంత్రమే పత్రికలకు తెలిపారు. సర్టిఫికెట్ రానిది ఊరు మొత్తానికి ఒక్కరికే: నాయకత్వ లక్షణాలు లేవు, హాజరు శూన్యం. పేరు బెల్గాసెమ్. పాఠకులు ఆయన్ని కాస్త గుర్తుంచుకోవాలని మనవి.