బుషైబ్‌కు రెండు చావులు

కుస్కుస్ పండుగ కమిటీ పెద్దలారా, బుషైబ్‌ను చంపింది మీరే. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆ ఆదివారం పొద్దున అతని భార్య లల్లా తామూ అనుకున్నది చిన్న పని. మంచం పట్టిన మొగుడు నేర్పినట్టే గోధుమరవ్వ ఆవిరిమీద ఉడికించి, మాంసం, ఏడు కూరగాయలు వేసి కుస్కుస్ వండి పండుగకు మోసుకెళ్లాలి. నలుగురూ తినాలి. "నీ వంట ఇంకా ఎవరూ మరిచిపోలేదు" అని తను తిరిగొచ్చి అతనికి చెప్పాలి. ఒకప్పుడు పండుగ వంటంతా అతని చేతి మీదే నడిచేది. కాళ్లు పడిపోయాక అతని గడప తొక్కినవాడు లేడు.

మైదానం దగ్గర కమిటీ అధ్యక్షుడు హాజ్ జిలాలీ అడ్డుపడ్డాడు.

"బల్లలన్నీ అయిపోయాయి లల్లా. సిమెంటు కంపెనీవాళ్లు తీసేసుకున్నారు."

"అయితే ఈ ఏడు సిమెంటు తింటారా?"

"పక్కకి జరుగమ్మా, దారికడ్డం."

తామూ పళ్లేన్ని ఎదుటి మసీదు గుమ్మం నీడలో దించి, ఇంకెవరినైనా బతిమాలదామని ఊళ్లోకి వెళ్లింది. ఈలోగా మధ్యాహ్నం నమాజు ముగిసింది. శుక్రవారమైతే దానం అనుకునేవారు. ఆదివారం మసీదు గుమ్మంలో కుస్కుస్ కనపడితే మా ఊళ్లో ఒకటే అర్థం. ఎవరో పోయారు.

"అంచు విరిగిన ఈ చెక్క పళ్లెం బుషైబ్‌ది కదూ?" అన్నాడు మంగలి మీలూద్.

"అయ్యో, ఎప్పుడు పోయాడు?"

"తెల్లారుజామునే అయ్యుంటుంది. అల్లా కరుణించాలి. ఆ మాంసం ముక్క ఇటు తొయ్యి."

పళ్లెం ఖాళీ చేసి, మూతులు తుడుచుకుని, కబురు మైదానానికి మోశారు. జిలాలీ మైకులో ఏడ్చాడు. బాజాలు ఆగిపోయాయి. చావింట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే తెచ్చి పెట్టాలి. అందుకని బల్లల మీది వంటలన్నీ గంపలకెత్తుకుని ఊరంతా కదిలింది. వెనక ఒకడు పార కూడా తెచ్చాడు.

తలుపు తోస్తే బుషైబ్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"పండుగే నా దగ్గరికొచ్చిందా!" అతని ముఖం వెలిగిపోయింది. "నన్ను మరిచిపోలేదన్నమాట!"

పారవాడు పారను వెనక దాచుకున్నాడు. బుషైబ్ ప్రతి గిన్నె రుచి చూశాడు. "ఉప్పేదిరా జిలాలీ?" అని తిట్టాడు. అందరి చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఊరికి సిగ్గు రాలేదు, కోపం వచ్చింది. "ముసలిది మనల్ని వెధవల్ని చేసింది" అని గొణుక్కుంటూ గంపలు ఎత్తుకుపోయింది.

చలికాలంలో అతను నిజంగానే పోయాడు. తామూ ఏడుస్తూ బజారుకొచ్చి చెప్పింది.

మీలూద్ పగలబడి నవ్వాడు. "మళ్లీనా లల్లా? పోయినసారి కూడా పోయాడుగా!"

పక్కూరి నుంచి ఆమె తమ్ముళ్లు వచ్చి మోశారు. ఊరు నమ్మేసరికి మట్టి పడిపోయింది. ఇక ఏ ముఖం పెట్టుకుని వెళ్తామని ఎవరూ కదల్లేదు. చావింట్లో తన పొయ్యి తనే రాజేసుకుంది తామూ.

జిలాలీ, మీలూద్, అందరూ లేవండి. వచ్చే ఏటి పండుగకు మీటింగు తర్వాత పెట్టుకోవచ్చు. వేడివేడిగా వండుకుని ఇవాళే ఆమె తలుపు తట్టండి. ఆమె ఇంకా బతికే ఉంది. నమ్మకం లేకపోతే వెళ్లి చూసుకోండి.