సర్వజ్ఞుడు పెట్టిన సర్వర్

నీటిపంపులు అమ్మే ఆ కంపెనీలో ఉపమేనేజరుకు అందరూ చాటుగా పెట్టుకున్న పేరు సర్వజ్ఞుడు. ఆయన తెలియదన్న విషయం ఇంతవరకూ లేదు; నిజంగా తెలిసిన విషయమూ ఇంతవరకూ బయటపడలేదు. ఆ ఉదయం ఆయన పథకం చిన్నదే. పన్నెండింటికి డైరెక్టరుగారు కంపెనీ కొత్త వెబ్‌సైట్ తెరిచి చూస్తారు. మెచ్చుకున్నారా, ఖాళీగా ఉన్న మేనేజరు కుర్చీ తనదే.

"స్టోర్‌రూమ్‌లో పాత కంప్యూటర్‌నే సర్వర్ చేద్దాం సార్," అంది కంప్యూటర్లు చూసే అమ్మాయి. "ముందు అందులో ఉన్నదంతా తుడిచేసి, సిస్టమ్ కొత్తగా ఎక్కించి, సైట్ ఫోల్డర్ ఒక్కటే బయటికి కనిపించేలా పెడతా."

"తుడిచేయడమా?" సర్వజ్ఞుడి గొంతు కీచుమంది. "నువ్వు దాన్ని ముట్టుకోకమ్మా. నేనే చేస్తా. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?"

కారణం లేకపోలేదు. మూడేళ్లుగా ఆయన భోజన విరామంలో ఆ కంప్యూటర్ ముందే కూర్చుని డైరెక్టరుగారికి ఆకాశరామన్న ఉత్తరాలు కొడుతున్నాడు. అన్నీ తోటివాళ్ల మీద చాడీలే. సంతకం పెట్టే దమ్ము లేదు గానీ, ప్రతి ఉత్తరానికీ నకలు తీసి అందులోనే సొంత పేరు పెట్టిన ఫోల్డర్‌లో దాచుకునే మురిపెం మాత్రం దండిగా ఉంది.

భద్రత కోసం, బయటినుంచి కంప్యూటర్‌లోకి వచ్చే దారుల్లో అక్కర్లేనివి మూయమని ఇంటర్నెట్‌లో దొరికిన సూచనల్లో ఉంటే, ఆయన అన్నీ మూసేశాడు. ఆ తర్వాత సైట్ తెరవబోతే అనుమతి లేదని తెర మొహం మీదే చెప్పింది. "నాకే అనుమతి లేదా!" పదకొండున్నరకు ఒళ్లు మండి, దారులన్నీ బార్లా తెరిచి, డిస్కు మొత్తం చూసేందుకు లోకంలో ప్రతివాడికీ అనుమతి ఇచ్చిపారేశాడు. తాను రాసిన స్వాగత సందేశం తెరమీదికొచ్చింది. అదొక్కటీ చూసుకుని మీసం దువ్వాడు. దాంతోపాటు ఇంకేం కనిపిస్తోందో చూడాలన్న ఆలోచన ఆ బుర్రలోకి దూరలేదు.

ముందు గుమాస్తా వచ్చాడు. "సైట్‌లో మీ రాతలు చదివాను సార్. నామీద మీకు ఇంత అభిప్రాయముందని తెలీదు."

"నలుగురికీ తెలియాలనే పెట్టానయ్యా!"

వెనకే అమ్మకాలు చూసే ఆవిడ. "నా గురించి కూడా రాశారటగా?"

"అందరి గురించీ రాశానమ్మా. మీరు లేకపోతే ఈ కంపెనీ ఎక్కడిది?"

సందేశంలో సిబ్బందిని రెండు వాక్యాలు పొగిడాడు మరి. ఆవిడ పళ్లు నూరుకుంటూ వెళ్లింది. సంతోషం ఆపుకోలేకపోతోందనుకున్నాడు మహానుభావుడు.

పన్నెండున్నరకు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "సార్! గుమాస్తాగారు నిద్రమొహమట, అమ్మకాలు చూసే ఆవిడ గయ్యాళిట, డైరెక్టరుగారి బావమరిది దద్దమ్మట! మీ పేరున్న ఫోల్డర్‌లో ఉత్తరాలన్నీ సైట్‌లో కనిపిస్తున్నాయి!"

సర్వజ్ఞుడికి పైప్రాణాలు పైనే పోయాయి. పరుగున వెళ్లి కంప్యూటర్ తీగ పీకేశాడు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

"సైట్ చూశానయ్యా," అన్నారు డైరెక్టరుగారు. "మూడేళ్లుగా ఆ ఆకాశరామన్న ఎవడా అని జుట్టు పీక్కుంటున్నా. వాడి మాటలు నమ్మి, బంగారంలాంటి మేనేజర్ని పోగొట్టుకున్నా. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

మర్నాటికి ఆ ఆఫీసులో ఖాళీ కుర్చీలు రెండయ్యాయి.