పొట్ట తరుగుకు సంజాయిషీ

తూనికలు, కొలతల కార్యాలయంలో సూపర్నెంటుగారి పొట్ట కొంతకాలంగా తగ్గుముఖం పట్టిందని తెలియజేయుటకు చింతిస్తున్నాము. పొట్ట ఆయనదే అయినా నష్టం కార్యాలయానిది కనుక ఈ ప్రకటన తప్పనిసరి అయింది.

అది ఆషామాషీ పొట్ట కాదు. ఆయనకంటే ముందు గదిలోకి వచ్చేది, ఆయనకంటే వెనక కుర్చీలోంచి లేచేది. తక్కెళ్లకు ముద్ర వేయించుకోవడానికి వచ్చిన వర్తకులు దాన్ని చూడగానే చేతులు కట్టుకునేవారు. బల్లమీద ఫైళ్లు నిండిపోయి చోటు లేనప్పుడు ఆయన టీ గ్లాసు దానిమీదే పెట్టుకునేవారు. ఒక్క చుక్క ఒలికి ఎరగదు. కార్యాలయ అధికారిగారు రిటైరవుతున్నారనగానే ఇక ఆ కుర్చీ సూపర్నెంటుగారిదేనని అందరూ అనేసుకున్నారు. కుర్చీ వెడల్పూ ఆయన వెడల్పూ అచ్చు గుద్దినట్టు ఒకటే మరి.

ఆయనకూ ఆ కుర్చీమీద చెప్పలేనంత ఆశ. ఉద్యోగంలో చేరింది మొదలు దాని పక్కన నిలబడి సంతకాలు పెట్టించుకున్న మనిషి, ఒక్కసారి అందులో కూర్చుని సంతకం పెట్టాలనుకోవడంలో తప్పేముంది?

మధ్యలో మోకాలడ్డినవాడు డాక్టరు. "ఈ పొట్టతో ఆ కుర్చీ ఎక్కడమైతే ఎక్కుతారు. ఎన్నాళ్లు కూర్చుంటారో మాత్రం నేను చెప్పలేను" అన్నాడు. ఆ మాట విని భార్య కళ్లనీళ్లు తుడుచుకుంది, ఆ చేత్తోనే నూనె డబ్బా దాచేసింది. సైకిళ్ల దుకాణం నడుపుతున్న బావమరిది, బావ ప్రాణం కంటే తనకేదీ ఎక్కువ కాదంటూ, ఎవరూ కొనక మూలపడున్న సైకిలు తుడిచి తెచ్చి పూర్తి ధరకే ఇచ్చాడు.

మర్నాటినుంచి సూపర్నెంటుగారు పొద్దున్నే సైకిలెక్కారు. మొదట్లో సైకిలే ఆయనమీద ఎక్కింది. వంతెన ఎత్తు రాగానే దిగి తోసుకుంటూ పోయేవారు. ఆ ఆయాసం చూసి వీధికుక్కలు కూడా జాలిపడి మొరగడం మానుకున్నాయి. ఇంట్లో పిల్లలు వేపుళ్లు తింటుంటే ఆయన గోడవైపు తిరిగి కూర్చుని ఉడకబెట్టిన కూరముక్కలు నమిలేవారు. పొట్ట మొండిది, కాదనలేం. అయితే దాని యజమాని అంతకంటే మొండివాడు. ఒకరోజు బూటు లేసు ఊడిందని వంగితే, ఎవరి సాయమూ లేకుండా చేతికందింది. ఆయనకు ఏడుపొచ్చేటంత సంతోషం కలిగింది.

"ఏమే, ఇలా రా! నా కాళ్లు నాకు కనిపిస్తున్నాయే!"

ఆవిడ వచ్చి చూసింది. "బాగానే ఉన్నాయి. ఆ గోళ్లు తీసుకోండి" అంది.

న్యాయంగా కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ ఒక మనిషి బాగుపడుతుంటే చూస్తూ ఊరుకునేటంత దయలేని సమాజం కాదు మనది.

ఎదురింటి పెద్దావిడ ఆయన సైకిలాపి, "షుగరా నాయనా?" అనడిగింది. కాదంటే, "పోనీలే, చెప్పకు. దాస్తే దాగే రోగమా?" అని కళ్లొత్తుకుంది. చుట్టాలు పళ్లు పట్టుకుని పరామర్శకు వచ్చి, ఆయన ఎదురుగానే ఆయన మంచితనాన్ని తలుచుకున్నారు. ఆఫీసులో కొందరు అప్పుల బాధన్నారు, కొందరు ఇంట్లో అన్నం పెట్టడంలేదన్నారు. వర్తకులు ఆయన్ని దాటుకుపోయి, నిండుపొట్టతో వెలిగిపోతున్న స్టోరు గుమాస్తాకు దణ్ణాలు పెట్టసాగారు. స్టోరు గుమాస్తా మర్యాదస్తుడు, వద్దనలేకపోయాడు.

ఇంతలో, కొత్త అధికారి ఎవరో తేల్చడానికి డైరెక్టరుగారు తమ ఘనమైన పొట్టతో సహా విచ్చేశారు. సూపర్నెంటుగారిని పైనుంచి కిందిదాకా చూసి, సిబ్బందినంతా పిలిపించి ఉపన్యసించారు.

"మిత్రులారా! మన శాఖ ప్రాణమంతా ఎక్కడుంది? తూకంలో ఉంది! వర్తకుడి తూకపురాయి పిసరంత తగ్గితే జరిమానా వేస్తున్నామే, మరి తూచవలసినవాడే ఇంత తరుగు చూపిస్తే ప్రజలు ఎవర్ని నమ్ముకోవాలి? కనుక సదరు తరుగుకు సంజాయిషీ కోరడమైనది!"

చప్పట్లు మారుమోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది స్టోరు గుమాస్తా.

సూపర్నెంటుగారికి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. జబ్బు చేసిందని రాస్తే రోగిష్టివాడికి కుర్చీ ఎవరిస్తారు? సైకిలు తొక్కానని రాస్తే, సైకిలు తొక్కేవాడికి కుర్చీ ఎందుకంటారు. మళ్లీ నూనె డబ్బా వెతుక్కుందామంటే డాక్టరు మాట అడ్డొస్తోంది. ఆ రోజు ఆయన కూరముక్కలు కూడా ముట్టలేదు.

అది చూసిన భార్య ఒక పాత దిండు విప్పి, చిన్నదిగా కుట్టి, రెండు నాడాలు తగిలించింది. "కుర్చీ మీకు కావాలి, మీరు నాకు కావాలి. ఇది కట్టుకుని వెళ్లండి" అంది.

దిండు సైకిలు క్యారియరెక్కింది. సూపర్నెంటుగారు రోజూ ఆఫీసు వెనక సందులో దిగి, దాన్ని చొక్కా లోపల బిగించుకుని, ముందు గేటులోంచి తాపీగా నడిచి వచ్చేవారు. ఆవిడ రోజుకింత దూది కూరుతూ పోయింది. "కోలుకుంటున్నారు, దేవుడి దయ" అని సిబ్బంది ఊపిరి పీల్చుకున్నారు. వర్తకుల చేతులు వాటంతటవే మళ్లీ కట్టుకున్నాయి. తరుగు పూడినందున సంజాయిషీ అవసరం లేదని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. కుర్చీ కూడా వచ్చింది.

అభినందన సభలో డైరెక్టరుగారు, "బరువు బాధ్యతలు మోయగలవారికి బరువే అలంకారం!" అని నొక్కి చెప్పి, కొత్త అధికారిని గట్టిగా కావలించుకున్నారు. రెండు పొట్టలూ ఒకదానికొకటి ఆనుకుని, ఆశ్చర్యంగా, చప్పుడు లేకుండా అణిగిపోయాయి. డైరెక్టరుగారు చిరునవ్వు చెదరకుండా ఆయన చెవిలో అన్నారు.

"దూదా? ఎండాకాలం చచ్చిపోతావయ్యా. నాది స్పాంజి. ఇంతకీ పొద్దున్నే ఏవైపు తొక్కుతున్నావు?"

సభ ముగిశాక అధికారిగారు తన కుర్చీలో మొదటిసారి కూర్చున్నారు. మనసు నిండిపోయింది. అప్పుడే కుర్ర ఇన్‌స్పెక్టరొకడు లోపలికొచ్చాడు. అతని ప్రమోషను కాగితం బల్లమీద సంతకానికి సిద్ధంగా ఉంది.

"సార్, అప్పట్లో మిమ్మల్ని చూసే నేనూ సైకిలు మొదలుపెట్టాను. మీరు మధ్యలో వదిలేశారు గానీ నేను వదల్లేదు సార్. చూడండి!"

చొక్కా వదులుగా వేలాడుతోంది. ముఖం కళకళలాడుతోంది. అధికారిగారు దిండు సర్దుకుని, వెనక్కి వాలి, కలం మూత పెట్టేసి, ఎంతో జాలిగా అడిగారు.

"షుగరా నాయనా?"