మధ్య పెట్టె మూగబోయిన కేసు

"బామ్మర్దీ! లోకంలో మనుషులు రెండు రకాలు. ఆధారాన్ని కాలికింద తొక్కుకుంటూ పోయేవాళ్లు ఒక రకం. వంగి దాన్ని చేతిలోకి తీసుకునేవాళ్లు రెండో రకం. ఆ రెండో రకంలో ప్రస్తుతం భూమ్మీద మిగిలింది నేనొక్కణ్ణే!"

ఇలా ప్రకటించి బావ హుందాగా ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు సరిగ్గా బామ్మర్ది పొద్దుట్నుంచి గుడ్డ మీద సుద్దతో గీసుకున్న గీతల మీద పడింది.

"కాలు తియ్యి బావా. కత్తిరించాల్సిన గీత అది. చెరిగిపోయింది."

"చూశావా! నా బుర్ర కంటే ముందు నా కాలు పసిగట్టింది. ఈ గీతలో ఏదో రహస్యం ఉంది."

"ఏముంది? ఎడమ వైపు కర్టెన్ ఉంది."

బామ్మర్ది నిట్టూర్చి మళ్లీ గీసుకున్నాడు. అతనికిది అలవాటే. ఒక మేడ కింద, సెల్లారులో, అక్కది కర్టెన్లు కుట్టే దుకాణం. తమ్ముడు కత్తిరిస్తాడు, అక్క కుడుతుంది, అక్క మొగుడు ఇళ్లకు వెళ్లి రాడ్లు బిగించి వాటిని తగిలిస్తాడు. మూడు మేకులు కొట్టాల్సిన చోట ఒకటి కొట్టి, మిగతా రెండూ కొట్టేలోగా ఆ ఇంట్లో ఏదో ఒక నేరం వాసన పట్టి వెళ్లిపోతాడు. రాడ్లు బిగించడం తన మారువేషమనీ, లోపలున్నది మహా డిటెక్టివ్ అనీ ఆయన నమ్మకం. చొక్కా జేబులో భూతద్దం. అది అక్క గుడ్డలో పోగులు లెక్కపెట్టుకునే అద్దం. దాన్ని ఎవరు ఎత్తుకుపోయారో కనిపెడతానని ఆయనే అక్కకు మాటిచ్చాడు.

కానీ ఇవాళ అక్క మొహంలో నవ్వు లేదు. బల్ల మీది ఫోను వైపే చూస్తోంది.

"ఇంకా మోగలేదురా" అంది తమ్ముడితో. "నాటకశాల మేనేజరు ఇవాళ ఫోన్ చేస్తానన్నాడు. స్టేజీకి కట్టే పెద్ద తెర మనకిస్తాడో, ఇంకొకరికిస్తాడో తేలిపోతుంది. ఇది రాకపోతే పై గదిలో ఇస్త్రీ చేసే పిన్నికి రేపట్నుంచి రావద్దని చెప్పాలి. ఎలా చెప్పను? ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"నువ్వే చెయ్యకపోయావా అక్కా, బయటికెళ్లి నీ సెల్లులోంచి?"

"చేశాను. కొత్త నంబరైతే ఎత్తడట. ఆయన దగ్గరున్నది ఈ బల్ల ఫోను నంబరే. ఇదేమో వారం మొదట్నుంచీ మూగనోము పట్టింది."

ఆ సెల్లారులోకి టవరు సిగ్నలు దిగదు. గోడలు అంత మందం. అందుకే పోయిన నెల ఫోను వైర్లు బిగించే అమ్మాయిని పిలిపించి మూడు చిన్న పెట్టెలు పెట్టించారు. ఒకటి కింద దుకాణంలో బల్ల ఫోను పక్కన, ఒకటి మెట్ల మలుపులో, ఒకటి డాబా మీద. ఒక్కో పెట్టె గొంతు పక్క పెట్టె దాకా వినిపిస్తే గొప్ప. కానీ నిప్పంటుకున్న ఇంటి ముందు జనం వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు, కింది పెట్టె మాటను మలుపు పెట్టెకి, మలుపు పెట్టె డాబా పెట్టెకి, డాబా పెట్టె ఎక్కడో ఉన్న పెద్ద టవరుకి అందిస్తాయి. టవరు నుంచి వచ్చే మాట అదే దారిలో దిగుతుంది.

"ముగ్గురు దూతలు!" బావ కళ్లు సగం మూశాడు. "రాసుకో బామ్మర్దీ. మధ్య దూత శత్రువుకి అమ్ముడుపోయాడు!"

"ఏమండీ, ప్లాస్టిక్ డబ్బా ఎలా అమ్ముడుపోతుందండీ?" అంది అక్క.

"అదే కనిపెడతాను."

అక్క సెల్లు పట్టుకుని వీధిలోకి వెళ్లి వైర్ల అమ్మాయికి ఫోన్ చేసింది. వెనకాలే తమ్ముడు, ఆ వెనకాల భూతద్దం.

"నా కంప్యూటర్లో డాబా పెట్టె కనిపిస్తోందక్కా. మలుపు పెట్టె కూడా కనిపిస్తోంది" అంది ఫోన్లోంచి ఆ అమ్మాయి. "కింది పెట్టె జాడే లేదు. దానికి కరెంటు ఉందా?"

"ఉందమ్మా. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది."

"అయితే కిందదానికీ మలుపుదానికీ మధ్య ఏదో అడ్డం వచ్చింది. కొత్తగా గోడేమైనా కట్టారా?"

"గోడలెందుకు కడతామే తల్లీ, మేం కర్టెన్లు కుట్టుకునేవాళ్లం!"

"ఏమో అక్కా. నేను పక్క ఊళ్లో ఉన్నా. రేపు పొద్దున వచ్చి చూస్తా."

రేపటికి తెర ఇంకొకరి మిషను మీద ఉంటుంది. అక్క కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగిపోయింది. ఆ వెళ్లడం చూసి బామ్మర్దికి గుండె కలుక్కుమంది. బావకి కూడా కలుక్కుమనే ఉంటుంది, ఎందుకంటే ఆయన గొంతు తగ్గించాడు.

"మీ అక్క కళ్లలో నీళ్లు చూశాక ఈ కేసు నా సొంత కేసైపోయింది. అటు చూడు. కళ్లతో చూడకు, చూడనట్టు చూడు."

వీధికి అవతల ఎదురుకొట్టు దర్జీ నిలబడి ఉన్నాడు. కోట్లు కుడతాడు. చినుకులు పడుతున్నాయి కాబట్టి గొడుగు వేసుకున్నాడు.

"అమాయకులకి అది గొడుగు" అన్నాడు బావ. "ఇనుప ఊచలు చూశావా? కొనదేలిన కర్ర చూశావా? దాంతో మన మాటల్ని గాలిలోనే ఏరుకుంటున్నాడు. ఆర్డరు కాజెయ్యడానికి!"

"వాన పడుతోంది బావా."

"అదే వాడి తెలివి! వాన పడే రోజే ఎంచుకున్నాడు!"

"మనం కూడా తడుస్తున్నాం."

"వల వేసేవాడు తడవక తప్పదు. పద. నేరస్తుడు నేరం చేసిన చోటికి వచ్చి తీరతాడు. మలుపు దగ్గర మాటేద్దాం."

మెట్ల మలుపులో గోడకు నిలువెత్తు తెర వేలాడుతోంది. వచ్చేపోయే వాళ్లు చూస్తారని, పైగా ఆ పెట్టె మొహం వికారంగా ఉందని, నాటకశాలకి చూపించిన మెరుపు గుడ్డనే అక్క రెండు పొరలుగా కుట్టి అక్కడ తగిలించమంది. బావ తగిలించాడు. వారం మొదట్లోనే. ఒక మేకుతో.

బావ భూతద్దం తీసి గుడ్డను పరిశీలించాడు. "ఊఁ. పోగు పోగుకీ మధ్య సన్నటి లోహపు తీగ."

"అందుకే కదా మెరుస్తుంది."

"కేసుకి సంబంధం లేదు. వదిలెయ్." అద్దం జేబులో పెట్టుకుని, బావ తెర వెనక్కి దూరాడు. కిందనుంచి రెండు చెప్పులు, మధ్యలో ఒక పొట్ట మాత్రం బయటికి తెలుస్తున్నాయి. "ఎలా ఉంది? కనిపిస్తున్నానా?"

"కర్టెన్ నెలలు నిండినట్టు కనిపిస్తోంది."

"ష్! అడుగుల చప్పుడు!"

నిజంగానే ఎవరో వస్తున్నారు. గొడుగు ముడుచుకుంటూ, పైమెట్లు దిగుతూ, ఎదురుకొట్టు దర్జీ. బామ్మర్ది నోరెళ్లబెట్టాడు. బావ చెప్పింది ఒక్కసారైనా నిజమవుతుందా, ఏమిటి?

"అబ్బాయ్, మీ అక్క ఉందా? అర్జెంటు పని..."

"దొరికావురా గొడుగు రాక్షసా!"

తెర గర్జించింది. తెర దూకింది. ఒక్క మేకు మీద వారం రోజులు ఓపిక పట్టిన రాడ్డు ఇక నావల్ల కాదంది. బావ, రాడ్డు, రెండు పొరల మెరుపు గుడ్డ కలిసి ఒక పెద్ద చుట్టగా మారి ధడధడా మెట్ల మీంచి దొర్లుకుంటూ దుకాణం గుమ్మం దాకా వెళ్లాయి. దర్జీ గోడకు అతుక్కుపోయాడు.

అప్పుడు కింద బల్ల మీది ఫోను మోగింది.

"హలో? నమస్కారమండీ!" అక్క గొంతు మెట్ల దాకా వినిపించింది. "ఎత్తానండీ, ఎత్తానండీ!"

చుట్టలోంచి బావ తల బయటికొచ్చింది. "వాడు పారిపోతున్నాడు, పట్టుకో!" అంటూ గుడ్డతో సహా లేచి, పాక్కుంటూ మలుపెక్కి, పెట్టెకు ఆనుకుని నిలబడ్డాడు.

"హలో? హలో? వినిపించట్లేదండీ!" కిందనుంచి అక్క.

బామ్మర్ది బావని చూశాడు. గోడ మీద పెట్టెని చూశాడు. గుడ్డని చూశాడు. కొంగు పట్టుకుని లాగినట్టు గుడ్డ కొస పట్టుకుని బావని కిందికి లాగేశాడు.

"ఆ, ఇప్పుడు బాగా వినిపిస్తోందండీ!"

"నన్నెందుకు లాగావురా?" బావ మళ్లీ లేచాడు.

"హలో? హలో?"

"కూర్చో బావా, నీకు దండం పెడతా!" బామ్మర్ది ఈసారి ఆయన మీద కూర్చున్నాడు. దర్జీ కూడా వచ్చి అతని పక్కనే బావ మీద కూర్చున్నాడు.

"ఆ చప్పుడా అండీ?" కింద అక్క ఒక్క క్షణం తడబడింది. "గుడ్డ గట్టితనం పరీక్షిస్తున్నామండీ. మనిషిని చుట్టి మెట్ల మీంచి దొర్లించాం. ఒక్క పోగు తెగలేదు... మనిషా? మనిషి కూడా బాగానే ఉన్నాడండీ... మీ నటులు ఇంతకంటే ఘోరంగా పడతారా? అయితే ఇదే గుడ్డ వేస్తామండీ. రేపే మొదలుపెడతాం!"

అక్క పరుగున మెట్లెక్కి వచ్చింది. కళ్లలో నీళ్లున్నాయి, నోటినిండా నవ్వుంది. "ఇచ్చేశాడురా! పిన్నికి చెప్పొస్తా ఉండు!"

"నేను చెప్పడానికొచ్చింది అదే చెల్లెమ్మా" అన్నాడు దర్జీ, బావ మీదనుంచి లేవకుండానే. "మీరు ఫోను ఎత్తట్లేదని ఆ మేనేజరు తెర నన్ను కుట్టమని అడిగాడు. అంత తెర కుట్టే మిషను నాకెక్కడిది? ఇంకొక్కసారి ఆమెకే చేసి చూడండి, నేనూ వెళ్లి చెబుతానన్నా."

"ఇంతకీ అడ్డం వచ్చింది ఈ తెరే అక్కా" అన్నాడు తమ్ముడు. "లోహపు పోగులు, అందులోనూ రెండు పొరలు. పెట్టెకి గోడ కట్టినట్టే అయింది."

"తగిలించింది ఎవరు?" అన్నాడు దర్జీ.

అందరూ కిందికి చూశారు.

"కేసు తేలిపోయింది" అన్నాడు బావ గుడ్డలోంచి గంభీరంగా. "తన మీద తానే నిఘా పెట్టి, తనని తానే పట్టుకున్న మొదటి డిటెక్టివ్‌ని నేనే!"

అక్క వంగి ఆయన జేబులోంచి తన అద్దం తీసుకుంది. "రెండో కేసు కూడా తేలిందండీ."

ఇంతలో కింద ఫోను మళ్లీ మోగింది. అక్క దిగి ఎత్తింది. "ఏంటి, రాడ్డు ఊడిపోయిందా? పంపిస్తానండీ." పెట్టేసిందో లేదో మళ్లీ. "వారం నుంచీ చేస్తున్నారా? పడిందా? ఎవరి మీదండీ... అయ్యో, మీ అత్తగారి మీదా?" మళ్లీ. మళ్లీ. అక్క గొంతు ఒక్కో ఫోనుకీ ఒక్కో మెట్టు ఎక్కుతోంది. చివరికి "ఏమండీ!" అన్న కేక డాబా దాకా వినిపించింది, ఏ పెట్టె సాయమూ లేకుండా.

బావ మెల్లగా లేచాడు. కింద పడ్డ రాడ్డు చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ చూసి, గుడ్డ కొస మళ్లీ గోడ మీది పెట్టె మీదికి ఎత్తిపట్టి, బామ్మర్ది చెవిలో గుసగుసగా అన్నాడు:

"సుత్తి ఇలా ఇవ్వు. ఈసారి మూడు మేకులూ కొడతా."