తగిలింది, తగిలించాడు

ఒక పెద్ద అడవిలో ఒక గొప్ప చట్టం ఉండేది.

మండలి కచేరీ ముందున్న నల్లరాతి మీద దాన్ని చెక్కించారు: "దారిన పోయే ఆడజంతువును ఎవడైనా తాకితే వాడికి ఏడాదిపాటు అడవి బహిష్కారం." చెక్కిన రోజున డప్పులు మోగాయి. మండలి అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకరావు గంటసేపు ప్రసంగించాడు. ఆయన మెడలో దండ వేసినవాడు దీర్ఘవాలుడనే కొండముచ్చు.

మూడేళ్లు గడిచాయి. ఆ చట్టం కింద ఒక్కడికీ శిక్ష పడలేదు.

"చూశారా, మన అడవిలో తప్పు చేసేవాడే లేడు!" అని భల్లూకరావు ప్రతి సభలోనూ రొమ్ము విరుచుకునేవాడు.

సెలయేటికి వెళ్లాలంటే రెండు బండల మధ్య ఇరుకు సందులోంచి పోవాలి. దీర్ఘవాలుడు తన జట్టుతో పొద్దున్నే ఆ బండెక్కి కూర్చునేవాడు. కిందనుంచి దుప్పులు, లేళ్లు వెళ్తుంటే తోక జారవిడిచేవాడు. అది ఒకసారి మెడ నిమిరేది, ఇంకోసారి నడుము చుట్టేది.

"ఏం పాపా, ఒంటిమీద చుక్కలెన్నో చెప్పనా?" అని ఒకడు.

"తప్పు చెబితే మళ్లీ మొదట్నించీ!" అని ఇంకొకడు. పైనంతా కిచకిచలు.

ఇంకో దారి లేదా అంటే, ఉంది. మొసలి మడుగు మీదుగా. పోయిన వేసవిలో అటు వెళ్లిన రెండు లేళ్లు తిరిగి రాలేదు. "వాటి సొంత అజాగ్రత్త" అని కచేరీలో రాసుకున్నారు.

కస్తూరి అనే చుక్కల దుప్పికి ఒకనాడు ఒళ్లు మండింది.

"తల వంచుకుని వచ్చెయ్యరాదుటే," అంది తల్లి.

"తల వంచుకునే వెళ్లానమ్మా. వాడి తోక అక్కడికీ వచ్చింది."

ఆ మాట అని, నేరుగా కచేరీకి వెళ్లింది. అక్కడ ఫిర్యాదులు రాసుకునేవాడు రైటరు నక్క.

"చెప్పు తల్లీ, ఏమైంది?"

"సందులో దీర్ఘవాలుడు నాకు తోక తగిలించాడు బాబాయ్."

రైటరు ఆకు మీద గీకాడు. పైకి చదివాడు. "సందులో తోక తగిలింది."

"తగిలింది కాదు. తగిలించాడు."

"ఒక్క ముక్కకి ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం? తగిలించాడు అని రాస్తే ఇద్దరు సాక్షులు కావాలి, వాడి ఉద్దేశం తేల్చాలి, పద్నాలుగు ఆకులు నేనే రాయాలి. తగిలింది అంటే అర ఆకుతో సరి. నీకూ పరువు, నాకూ సుఖం."

విచారణ రోజున మండలి నిండిపోయింది. భల్లూకరావు అరాకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తోక తగిలింది అని ఉంది. అంటే తగిలినది తోక. చట్టంలో ఏముంది? 'ఎవడైనా'. ఎవడు అంటే డు. తోక అంటే ది. డు మీద చేసిన చట్టం ది మీద ఎలా నడుస్తుంది?"

దీర్ఘవాలుడు చేతులు జోడించాడు. "అయ్యా, తోక నాది కాబట్టి నాకూ బాధగానే ఉంది. ఇంటికెళ్లి దానికి బుద్ధి చెబుతాను."

మండలి పగలబడి నవ్వింది.

"అధ్యక్షా!" కస్తూరి ఒక అడుగు ముందుకేసింది. "మన భాషలో నేనూ 'వచ్చింది', తోకా 'వచ్చింది'. ఆ తోకకు ఇచ్చినపాటి విలువైనా నాకివ్వరా?"

"భాష నేను పెట్టలేదమ్మా," అన్నాడు భల్లూకరావు. చట్టం కిందే తీర్పూ చెక్కించాడు: "దానంతటది తగిలినదానికి ఎవరూ బాధ్యులు కారు."

మర్నాడు పొద్దున్న కస్తూరి మొసలి మడుగు వైపు తిరిగింది. ఏదుపంది సూరమ్మ ఎదురైంది.

"ఎక్కడికే అటు? మొసలి ఉంది."

"ఇటు దీర్ఘవాలుడున్నాడు. మొసలి కనీసం నవ్వదత్తా."

"ఆ తీర్పు నాకోసారి చదివి వినిపించు," అంది సూరమ్మ.

కస్తూరి వినిపించింది.

"ముల్లు కూడా దియ్యేనా?"

"దియ్యే."

"అయితే నాతో రా."

ఇద్దరూ సందులోకి దిగారు. అలవాటు ప్రకారం పైనుంచి తోక దిగి కస్తూరి మెడ చుట్టింది. సూరమ్మ గిరుక్కున వెనక్కి తిరిగి, ఒళ్లు విదిల్చి, రెండడుగులు వెనక్కి వేసింది. పదిహేడు ముళ్లు. తోక మొదలు నుంచి చివరిదాకా.

దీర్ఘవాలుడి కేక అడవి నాలుగు చెరగులా వినపడింది. ఏడుస్తూ కచేరీకి పరిగెత్తాడు.

"సూరమ్మ నన్ను గుచ్చింది!"

రైటరు గీకాడు. "సందులో ముల్లు గుచ్చుకుంది."

"గుచ్చుకుంది కాదురా వెధవా! గుచ్చింది!"

"ఒక్క ముక్కకి..." అని రైటరు మొదలుపెట్టాడు కాని, అవతలివాడి పళ్లు చూసి మానేశాడు.

మధ్యాహ్నానికే విచారణ. సూరమ్మ మండలికి నమస్కరించింది. "అయ్యా, ముళ్లు నావి కాబట్టి నాకూ బాధగానే ఉంది. ఇంటికెళ్లి బుద్ధి చెబుతాను."

ఈసారి నవ్వింది దుప్పులూ లేళ్లూ.

భల్లూకరావు బల్ల చరిచాడు. "ముల్లు దానంతటది వస్తుందా? వెనక ఒళ్లు లేదూ? పాత తీర్పు కొట్టేస్తున్నా! ఇకమీదట ఏది తగిలినా, దాని సొంతదారుదే బాధ్యత!"

"చాలా సంతోషం," అంది కస్తూరి. "మరి తోక సొంతదారు ఎవరండీ?"

నొప్పితో గెంతుతున్న దీర్ఘవాలుడు ఆగలేకపోయాడు. "ఏదో సరదాకి తగిలించాను! దానికి పదిహేడు ముళ్లా?"

రైటరు నక్క అది రాసేశాడు. మండలి సభ్యులు కళ్లెర్రజేస్తే గొణిగాడు: "ఆయన నోటి మాటేనండీ. ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు."

"దీర్ఘవాలుడికి ఏడాది బహిష్కారం," అని భల్లూకరావు పళ్లు కొరికాడు. "సూరమ్మకీ అంతే!"

"అదెలాగండీ?" అంది సూరమ్మ తీరుబడిగా. "చట్టంలో 'ఎవడైనా' అనుంది. మీరే అర్థం చెప్పారు. నేను ఎవడినీ కాను."

మర్నాటి నుంచి సందులో దుప్పులు తలెత్తుకుని నడిచాయి. అదే పొద్దున మండలి అత్యవసరంగా కూడి 'తోకల రక్షణ చట్టం' చేసింది. అరగంట కూడా పట్టలేదు.

ఆ అడవిలో పసివాళ్లు ఇప్పటికీ వల్లించే నీతి: నొప్పి సరైన ఒంటికి చేరితేనే చట్టానికి చదువొస్తుంది.